ఎస్‌పీఐ వెనకున్న బ్యాక్‌ప్లేన్ కార్డులకు ఇంటరప్ట్ సపోర్ట్ ఎలా పెట్టాలి? తీగ కిందే ఉండిపోయి కార్డులన్నీ మూగబోతున్నాయి

ప్రశ్న: ఓపెన్‌డ్రెయిన్

నమస్కారమండీ అందరికీ. ప్రశ్న కాస్త పెద్దది. సగం సగం చెప్తే మీరు మళ్లీ మళ్లీ అడగాల్సి వస్తుందని మొత్తం రాస్తున్నాను.

మేం ఒక డేటా సేకరణ పెట్టె తయారుచేస్తున్నాం. లోపల 8 స్లాట్ల బ్యాక్‌ప్లేన్ (కార్డులు గుచ్చే వెనక బోర్డు), 0 నుంచి 7 దాకా. ఒక్కో స్లాట్‌లో ఒక ఏడీసీ కార్డు (అనలాగ్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది). బ్యాక్‌ప్లేన్ బస్ మా సొంత డిజైన్, ఏ స్టాండర్డూ కాదు. దాన్ని నడిపేది ఒక ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనమే రాసుకునే చిప్). ఎఫ్‌పీజీఏకీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్నవి రెండే: 10 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐ (ఒక్కో బిట్‌గా డేటా పంపే సీరియల్ లింక్), ఒక ఇంటరప్ట్ తీగ ('ఇటు చూడు' అని ప్రాసెసర్‌ని పిలిచేది). ఆ తీగ ప్రాసెసర్ జీపీఐఓ పిన్‌కి వెళ్తుంది. ఇంటరప్ట్ ఉంటే కిందికి దిగుతుంది, లేకపోతే పైన ఉంటుంది. ప్రాసెసర్ మీద లినక్స్ నడుస్తోంది. బస్ డ్రైవర్ నేనే రాశాను. స్లాట్‌లో కార్డు కనబడితే దానికో డివైస్ పుట్టించి, సరిపడే కార్డు డ్రైవర్‌ని తగిలిస్తుంది. అంతవరకూ బాగానే ఉంది.

ఒక్కో కార్డుకీ 4 ఇంటరప్ట్ కారణాలున్నాయి, 0 నుంచి 3 దాకా వరసగా: ఫీఫో (శాంపిళ్లు వరసలో ఆగే బఫర్) సగం నిండింది, ఫీఫో పొర్లింది, వేడి హద్దు దాటింది, కార్డు లాక్ తీశారు లేదా వేశారు. మొత్తం 32. ఎఫ్‌పీజీఏలో 32 బిట్ల స్టేటస్ రిజిస్టర్ ఒకటి, ఎనేబుల్ రిజిస్టర్ ఒకటి. స్లాట్ నంబర్‌ని 4తో హెచ్చించి కారణం నంబర్ కలిపితే బిట్ నంబర్ వస్తుంది. స్టేటస్‌లో ఏ బిట్‌కి 1 రాస్తే ఆ బిట్ చెరిగిపోతుంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. తీగని ఫాలింగ్ ఎడ్జ్‌కి (పై నుంచి కిందికి దిగే క్షణానికి) పెట్టాను. ఎడ్జ్ రాగానే వర్క్‌క్యూలో (కెర్నెల్ తర్వాత నడిపే పనుల వరసలో) పని వేస్తాను. అది స్టేటస్ చదివి, బిట్లు చూసి, ఆ స్లాట్ డ్రైవర్ ఇచ్చిన కాల్‌బ్యాక్ ఫంక్షన్‌ని పిలుస్తుంది. కాల్‌బ్యాక్ తిరిగొచ్చాక ఆ బిట్ చెరుపుతుంది.

పగలంతా ఏ ఇబ్బందీ ఉండదు. రెండు రాత్రుళ్లు వరసగా అర్ధరాత్రి దాటాక 8 కార్డులూ ఒకేసారి ఆగిపోయాయి. పొద్దున్న వచ్చి ఆసిలోస్కోప్ పెడితే తీగ కిందే ఉంది. స్టేటస్ చేత్తో చదివితే ఫీఫో బిట్లన్నీ, పొర్లిన బిట్లన్నీ, వాటితోపాటు 22వ బిట్ కూడా లేచి ఉన్నాయి. ఆ గదిలో ఏసీ రాత్రిపూట ఆపేస్తారు, అదేమైనా కారణమా అన్న అనుమానం కూడా ఉంది. ఇది కాక ఇంకోటి: ఒకసారి 3వ కార్డు లాక్ తీసి వెంటనే వేశాం. కార్డు స్లాట్‌లో బిగించే ఉంది, సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని తీసేశారనే అనుకుంటోంది.

కాల్‌బ్యాక్‌లు వదిలేసి, లినక్స్ పద్ధతిలో ఇంటరప్ట్ చిప్ (మన హార్డ్‌వేర్‌ని ఇంటరప్ట్ కంట్రోలర్‌గా కెర్నెల్‌కి చూపే కోడ్), డొమైన్ (మన బిట్లకి కెర్నెల్ ఇంటరప్ట్ నంబర్లు కట్టే పట్టిక) రాద్దామని మొదలుపెట్టాను. మాస్క్ ఫంక్షన్‌లో (ఒక ఇంటరప్ట్‌ని రాకుండా ఆపేది) ఎస్‌పీఐ రైట్ పెట్టగానే 'షెడ్యూలింగ్ వైల్ అటామిక్' అని కెర్నెల్ అరిచింది. అసలు ఈ దారిలో వెళ్లాలా, కాల్‌బ్యాక్‌లే బాగుచేసుకోవాలా? డొమైన్ ఒకటి చాలా, స్లాట్‌కొకటి పెట్టాలా? నడుస్తుండగా కార్డు పీకేస్తే ఏం చేయాలి?

ఇంకొన్ని అంకెలు: ఒక్కో కార్డూ సెకనుకి 50,000 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు. ఫీఫో లోతు 1024, సగం అంటే 512. అన్ని కార్డులకూ బ్యాక్‌ప్లేన్ మీద ఒకే శాంపిల్ క్లాక్.

జవాబు: పాతబ్యాక్‌ప్లేన్

ఓపెన్‌డ్రెయిన్ గారూ, డొమైన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు తీగ సంగతి తేలాలి. ఏసీ మీద మీ అనుమానం సరైనదే.

మీ కార్డులన్నీ ఒకే క్లాక్ మీద నడుస్తున్నాయి. అందుకే 8 ఫీఫోలూ ఒకే క్షణంలో సగానికి చేరతాయి, 8 బిట్లూ కలిసి లేస్తాయి, ఒక్క రీడ్‌లో అన్నీ దొరుకుతాయి, అన్నీ చెరిగాక తీగ పైకి వెళ్తుంది. పగలు బాగా నడిచింది అందుకే. రాత్రి గది వేడెక్కింది. మీరు ఫీఫోలు ఖాళీ చేస్తుండగా 5వ కార్డు వేడి హద్దు దాటి 22వ బిట్ లేచింది. అప్పటికే తీగ కింద ఉంది, కాబట్టి కొత్త ఎడ్జ్ ఏమీ రాలేదు. మీరు ముందు చదివిన 8 బిట్లూ చెరిపి బయటికొచ్చేశారు. 22వది నిలబడే ఉంది. తీగ పైకి లేవలేదు, లేవని తీగ మళ్లీ పడదు. తర్వాత ఫీఫోలు నిండాయి, పొర్లాయి, వినేవాళ్లు లేరు.

పాత పీసీల్లో ఐఎస్ఏ బస్ ఎడ్జ్ మీద నడిచేది, అందులో ఒక తీగని ఇద్దరు పంచుకోవడం ఎప్పుడూ తలనొప్పే. తర్వాత పీసీఐ బస్ వచ్చినప్పుడు దాని ఇంటరప్ట్ పిన్‌లని లెవెల్‌కి (మారే క్షణాన్ని కాక, తీగ కింద ఉన్నంతసేపూ చూసే పద్ధతికి) మార్చింది సరిగ్గా ఈ పంచుకోవడం కోసమే. మీ తీగని 32 కారణాలు పంచుకుంటున్నాయి. కాబట్టి 'లెవెల్ లో'కి (కింద ఉంటే ఇంటరప్ట్ అన్న పద్ధతికి) మార్చండి, థ్రెడెడ్ హ్యాండ్లర్ (నిద్రపోగల థ్రెడ్‌లో నడిచేది), వన్‌షాట్ ఫ్లాగ్ పెట్టండి. థ్రెడ్ పూర్తయ్యేదాకా తీగ మాస్క్‌లో ఉంటుంది, పూర్తయ్యాక ఇంకా కిందే ఉంటే మళ్లీ పిలుపొస్తుంది. మీ జీపీఐఓ కంట్రోలర్‌కి లెవెల్ రాకపోతే, స్టేటస్ సున్నా అని చదివేదాకా లూప్ తిరగండి. సున్నా చదివారంటే ఆ క్షణంలో తీగ పైన ఉన్నట్టే, ఆ తర్వాత ఏది లేచినా కొత్త ఎడ్జ్ వస్తుంది.

మీ లాక్ సమస్య వేరే. అక్కడ తప్పు చెరిపే వరసలో ఉంది. లాక్ తీశారు, బిట్ లేచింది, కాల్‌బ్యాక్ వెళ్లి 'తీసి ఉంది' అని చదువుకుంది. అది ముగిసేలోపు మీరు లాక్ వేసేశారు. ఆ రెండో సంఘటన కూడా అదే బిట్ మీద పడింది. తర్వాత మీరు బిట్ చెరిపారు, దాంతో రెండు సంఘటనలూ పోయాయి. ఇలాంటి క్షణికమైన వాటికి ముందు చెరపాలి, తర్వాత వెళ్లి అసలు స్థితి చూడాలి. అప్పుడు మధ్యలో ఏం జరిగినా బిట్ మళ్లీ లేస్తుంది. మహా అయితే ఒకసారి ఊరికే వెళ్లొస్తారు, కానీ ఏదీ పోదు.

ఫీఫో సగం నిండడం అలా కాదు, అది ఒక స్థితి. నిండి ఉన్నంతసేపూ 1, ఖాళీ చేస్తే 0. దాన్ని లాచ్ చేయకుండా (పట్టి నిలపకుండా), ఫీఫో లెక్కనే నేరుగా స్టేటస్ బిట్‌గా చూపించమని మీ ఎఫ్‌పీజీఏ వాళ్లని అడగండి. చెరపాల్సిన పనే ఉండదు.

నేను చాలాకాలం వీఎంఈ అనే బ్యాక్‌ప్లేన్ బస్ మీద పనిచేశాను. 1981లో వచ్చి, 1987లో ఐఈఈఈ 1014 స్టాండర్డ్‌గా స్థిరపడిన బస్ అది. అందులో 7 ఇంటరప్ట్ స్థాయిలు, వాటికి 7 తీగలు. ప్రాసెసర్ 'విన్నాను, ఎవరది?' అని అడిగే సైకిల్ ఒకటి ఉంటుంది. ఆ అక్నాలెడ్జ్ సిగ్నల్ ఒక స్లాట్‌లోంచి పక్క స్లాట్‌లోకి గొలుసులా పోతుంది. అడిగిన కార్డు దాన్ని ఆపి తన నంబర్ చెప్తుంది, అడగని కార్డు ముందుకి పంపుతుంది. మధ్యలో ఖాళీ స్లాట్ ఉండి, అక్కడ జంపర్ పెట్టడం మర్చిపోతే గొలుసు తెగుతుంది, దాని అవతలి కార్డుల గొంతు వినబడదు. ఒకసారి ఒక్క జంపర్ కోసం రెండు రోజులు వెతికాను. దానికన్నా నాకు ఎక్కువ నేర్పింది ఇంకో విషయం. వీఎంఈలో కార్డులు రెండు రకాలు. కొన్ని అక్నాలెడ్జ్ సైకిల్ అవగానే తీగ వదిలేస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్ వచ్చి వాటి రిజిస్టర్ ముట్టుకుంటేగానీ వదలవు. రెండో రకం కార్డుకి మొదటి రకం డ్రైవర్ రాస్తే, హ్యాండ్లర్ బయటికి రాగానే మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి, ప్రాసెసర్ ఇక దేనికీ పనికిరాదు. ఆ బస్ రూపొందించినవాళ్లు ఆ తేడాకి పేర్లు పెట్టి మరీ స్పెసిఫికేషన్‌లో రాశారు. మీ బస్‌కీ ఆ కాగితం కావాలండీ. 4 కారణాల్లో ప్రతిదానికీ, బిట్ ఎప్పుడు లేస్తుంది, ఎవరు దింపాలి, ఏ పని చేస్తే దిగుతుంది అన్నది కోడ్ రాయకముందే రాసుకోండి. మీకు వచ్చిన రెండు సమస్యలూ ఆ కాగితం లేకే వచ్చాయని నా అభిప్రాయం.

ఇక లినక్స్ వైపు. కాల్‌బ్యాక్‌లు వదిలేయండి, డొమైన్‌కే వెళ్లండి. కార్డు డ్రైవర్ రాసేవాళ్లకి మామూలు థ్రెడెడ్ ఇంటరప్ట్ రిక్వెస్ట్ చాలు, మీ బస్ సొంత పద్ధతి నేర్చుకోనక్కర్లేదు. ప్రతి కారణానికీ లెక్క ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైల్‌లో కనబడుతుంది, రాత్రి ఏది మోగిందో పొద్దున్న చూసుకోవచ్చు. డొమైన్ ఒకటే చాలు, 32 నంబర్ల లీనియర్ డొమైన్. కార్డు మీద దాని సొంత స్టేటస్ రిజిస్టర్, దానికింద మళ్లీ పది కారణాలు ఉంటేనే స్లాట్‌కొకటి. మీకు అలా లేదు.

మాస్క్‌లో వచ్చిన అరుపుకి కారణం: మాస్క్, అన్‌మాస్క్ ఫంక్షన్లని కెర్నెల్ స్పిన్‌లాక్ పట్టుకుని పిలుస్తుంది, అక్కడ నిద్రపోకూడదు, ఎస్‌పీఐ నిద్రపోతుంది. ఇలాంటి నెమ్మది బస్‌ల కోసమే 2009లో బస్ లాక్, బస్ సింక్ అన్‌లాక్ అనే జంట కాల్స్ కెర్నెల్లోకి వచ్చాయి. బస్ లాక్‌లో మీ మ్యూటెక్స్ (పట్టుకుని నిద్రపోగల లాక్) పట్టుకోండి. మాస్క్‌లో, అన్‌మాస్క్‌లో మెమరీలో దాచుకున్న కాపీలో బిట్ మార్చండి, అంతే. సింక్ అన్‌లాక్‌లో, స్పిన్‌లాక్ వదిలేశాక, కాపీ మారి ఉంటే ఒక్క ఎస్‌పీఐ రైట్ చేసి మ్యూటెక్స్ వదలండి. దీని ఫలితం ఒకటుంది: కార్డు డ్రైవర్లు ఈ ఇంటరప్ట్‌లని అటామిక్ కాంటెక్స్ట్‌లోంచి (నిద్రపోకూడని చోటునుంచి) ఎనేబుల్, డిజేబుల్ చేయకూడదు. అది మీ బస్ హెడర్‌లో కామెంట్‌గా పెట్టండి. నిజానికి రిజిస్టర్లు మామూలుగా ఉంటే కెర్నెల్లో రెడీగా ఉన్న రెగ్‌మ్యాప్ ఇంటరప్ట్ చిప్ ఇదంతా చేసిపెడుతుంది. స్టేటస్, మాస్క్, అక్ (బిట్ చెరిపే) రిజిస్టర్ల అడ్రస్‌లు పట్టికలో ఇస్తే సరి.

జవాబు: రెండుగడియారాలు

నేను ఎఫ్‌పీజీఏ వైపు మనిషిని. పాతబ్యాక్‌ప్లేన్ గారు చెప్పినదానికి మా వైపు నుంచి కొంచెం.

మీ వాళ్లని స్టేటస్ బిట్ కోడ్ చూపించమనండి. ఒకే క్లాక్‌లో సంఘటనా వచ్చి, సాఫ్ట్‌వేర్ చెరిపే పల్స్ కూడా వస్తే ఎవరు గెలుస్తారు? సెట్టే గెలవాలి. ముందు 'చెరుపు వస్తే 0' అని ఇఫ్ రాసి, ఎల్స్‌లో 'సంఘటన వస్తే 1' అని రాసిన కోడ్ నేను చాలాసార్లు చూశాను, మొదట్లో నేనూ అలాగే రాశాను. ఆ రెండు లైన్లూ అలా చెరుపు ముందున్న వరసలో ఉంటే, సాఫ్ట్‌వేర్‌లో మీరెంత జాగ్రత్తగా ముందు చెరిపి తర్వాత చూసినా ఎప్పుడో ఒకసారి సంఘటన పోతుంది. సిమ్యులేషన్‌లో ఆ ఒక్క క్లాక్‌ని పనిగట్టుకుని గురిపెడితేగానీ దొరకదు.

రెండోది, స్టేటస్ రీడ్. 32 బిట్లు 10 మెగాహెర్ట్జ్ మీద బయటికి రావడానికి 3.2 మైక్రోసెకన్లు పడుతుంది. ఆలోపు బిట్లు మారుతూ ఉంటాయి. అందుకని షిఫ్ట్ మొదలయ్యే ముందే మొత్తం 32 బిట్లని ఒక్క దెబ్బలో షాడో (కాపీ) రిజిస్టర్‌లోకి తీసుకోవాలి. ఎస్‌పీఐ క్లాక్, బస్ క్లాక్ వేరు వేరు కదా, దాటేచోట సింక్రొనైజర్ (ఒక క్లాక్ నుంచి ఇంకో క్లాక్‌కి సిగ్నల్‌ని భద్రంగా దాటించే సర్క్యూట్) ఉందో లేదో కూడా చూడండి. చదివితేనే చెరిగిపోయే రిజిస్టర్ పెట్టనందుకు మీ వాళ్లని మెచ్చుకోవాలి. అది ఉంటే ఎస్‌పీఐలో ఒక్క రీడ్ పాడైనా, ఆ సంఘటనలు తిరిగి రావు.

ఇంకో చిన్న కోరిక కోరండి: సాఫ్ట్‌వేర్ ఏ బిట్ కావాలంటే ఆ బిట్‌ని లేపగలిగే టెస్ట్ రిజిస్టర్. గది వేడెక్కేదాకా రాత్రంతా కూర్చోనక్కర్లేదు. దానికి 32 ఆర్ గేట్లకి మించి ఖర్చు లేదు.

ప్రశ్నకర్త: ఓపెన్‌డ్రెయిన్

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. 22వ బిట్‌ని స్కోప్ పక్కన కూర్చుని చూశాను గానీ, ఏసీతో కలిపి ఆలోచించలేదు. ఫీఫో బిట్లు నేరుగా లెక్కకే కట్టమని మా ఎఫ్‌పీజీఏ అమ్మాయికి చెప్పాను. తను కోడ్ తెరిచి చూస్తే క్లియరే ముందుంది. మార్చింది.

ఒక అనుమానం. నెస్టెడ్ ఇంటరప్ట్‌లన్నీ (ఒకే తీగ కిందున్న ఈ 32) పేరెంట్ థ్రెడ్‌లోనే (ఆ తీగ హ్యాండ్లర్ థ్రెడ్‌లోనే) ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి కదా. మా వేడి హ్యాండ్లర్ సెన్సర్ కన్వర్షన్ కోసం 10 మిల్లీసెకన్లు నిద్రపోతుంది. ఇబ్బందా?

జవాబు: పాతబ్యాక్‌ప్లేన్

ఇబ్బందేనండీ, మీ అంకెలతోనే చూడండి. ఒక కార్డులో 512 శాంపిళ్లు అంటే 8192 బిట్లు, తీగ మీద 0.82 మిల్లీసెకన్లు. 8 కార్డులకి 6.55. సగం నిండిన ఫీఫో పూర్తిగా నిండడానికి ఉన్న సమయం 10.24. అంటే ఎస్‌పీఐ అదనపు ఖర్చులేమీ లేవనుకున్నా మీ చేతిలో మిగిలేది 4 మిల్లీసెకన్లు కూడా కాదు. మధ్యలో ఒకరు 10 మిల్లీసెకన్లు పడుకుంటే చివరి కార్డులు పొర్లడం ఖాయం. పైగా ఎమ్‌స్లీప్ (కెర్నెల్లో నిద్రపోయే కాల్) జిఫ్ఫీల (కెర్నెల్ గడియారం టిక్కుల) లెక్కన నడుస్తుంది, 10 అడిగితే 10కే లేస్తుందన్న హామీ లేదు. వేడి హ్యాండ్లర్ తన పని వర్క్‌క్యూకి అప్పగించి వెంటనే తిరిగి రావాలి. బిట్లని 0 నుంచి 31 దాకా వరసగా తిప్పకుండా ముందు 8 ఫీఫోలు, తర్వాత మిగతావి చూడండి.

కార్డు పీకడం గురించి అడిగారు, అప్పుడు వదిలేశాను. లాక్ తీశారన్న ఇంటరప్ట్ థ్రెడ్‌లోంచే డివైస్‌ని అన్‌రిజిస్టర్ చేయకండి. కార్డు డ్రైవర్ తన రిమూవ్‌లో ఆఖరి ఫీఫో ఇంటరప్ట్ కోసం ఎదురుచూసిందనుకోండి, దాన్ని అందించాల్సిన థ్రెడ్ ఈ రిమూవ్ కోసమే ఆగి ఉంటుంది. ఇద్దరూ అలాగే ఉండిపోతారు. అది కూడా వర్క్‌క్యూలోకే. అక్కడ ముందు డ్రైవర్‌ని విడదీయండి, అది తన ఇంటరప్ట్‌లు వదిలేస్తుంది. తర్వాత ఆ స్లాట్ 4 మ్యాపింగ్‌లు తీసేయండి. ఈ వరస తప్పకూడదు.

స్టేటస్ మొత్తం 1లుగా వస్తే 32 కారణాలూ ఒకేసారి వచ్చాయని నమ్మకండి. ఎఫ్‌పీజీఏ రీసెట్‌లో ఉండి డేటా తీగ పైకి తేలుతుండొచ్చు. ఐడీ రిజిస్టర్ ఒకసారి చదివి సరిచూసుకోండి. స్టేటస్ సున్నా వస్తే మాత్రం 'నాది కాదు' అనే నిజాయితీగా తిరిగి చెప్పండి. అలా చెప్తేనే, లక్ష ఇంటరప్ట్‌లలో 99,900కి పైగా ఎవరూ పట్టించుకోనివి అయితే కెర్నెల్ ఆ తీగని తనే మూసేస్తుంది, లాగ్‌లో చెప్తుంది. ఎప్పుడూ 'చూసుకున్నాను' అని అబద్ధం చెప్పే హ్యాండ్లర్ ఉంటే ఆ కాపలా పనిచేయదు, సీపీయూ అలా కాలిపోతూనే ఉంటుంది.

ప్రశ్నకర్త: ఓపెన్‌డ్రెయిన్

రెండు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. ఇదే దారిలో వెళ్తున్నవాళ్లకి పనికొస్తుందని.

తీగ లెవెల్‌కి మారింది. రెగ్‌మ్యాప్ వాడలేదు. ఫీఫో బిట్లకి అక్ వద్దు, మిగతా 24 బిట్లకి ముందే అక్ కావాలి, ఫీఫోలు ముందు తిరగాలి. ఈ మూడూ కలిపి సొంతంగా రాసుకోవడమే నాకు తేలికనిపించింది, మొత్తం 200 లైన్ల లోపే వచ్చింది. ప్రోబ్‌లో (డ్రైవర్ మొదలయ్యే ఫంక్షన్‌లో) వరస ఇది: ఎనేబుల్ మొత్తం 0, పాత స్టేటస్ చెరపడం, డొమైన్, అన్నిటికన్నా చివర పేరెంట్ తీగ. మొదట తీగని ముందే అడిగాను. బూట్‌లోడర్ వదిలిన పాత బిట్ ఒకటి, డొమైన్ ఇంకా పుట్టకముందే వచ్చి కెర్నెల్ పడిపోయింది.

ఒక కార్డు డ్రైవర్ ఇంటరప్ట్ రిక్వెస్ట్‌కి 'ఇన్‌వాలిడ్' అని తిరిగొస్తుంటే పూట పట్టింది. నెస్టెడ్ ఇంటరప్ట్‌కి థ్రెడ్ ఫంక్షన్ లేకుండా మామూలు హ్యాండ్లర్ ఒక్కటే ఇస్తే కెర్నెల్ ఒప్పుకోదు. థ్రెడెడ్ రిక్వెస్ట్‌కి మార్చాక సరిపోయింది.

టెస్ట్ రిజిస్టర్ వచ్చింది. ఫీఫో సర్వీస్ మధ్యలో, కావాలని, 22వ బిట్‌ని లేపే స్క్రిప్ట్ రాశాను. పాత డ్రైవర్ మీద పెడితే మొదటి దెబ్బకే తీగ కిందపడి అలాగే ఉండిపోయింది. రెండు రాత్రుళ్లు పట్టింది కాస్తా సెకను లోపే చేతిలోకి వచ్చింది. కొత్త డ్రైవర్ మీద అదే స్క్రిప్ట్ శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి సోమవారం పొద్దున్న ఆపాను. లేపినవెన్నో స్క్రిప్ట్ లెక్క, ప్రాక్ ఇంటరప్ట్స్‌లో 22వ దాని లెక్క పక్కపక్కన పెట్టి చూశాను, ఒకటీ తేడా లేదు. పొర్లిన బిట్ ఏ స్లాట్‌లోనూ లేవలేదు.

కాగితం కూడా రాశామండీ. 4 కారణాలకి 4 వరసలు. బ్యాక్‌ప్లేన్ స్కీమాటిక్ మొదటి పేజీలోనే అతికించాం. వచ్చే నెల కొత్త కార్డు ఒకటి వస్తోంది, దాని 4 వరసలు రాసి ఇచ్చాకే బోర్డు లేఅవుట్ మొదలుపెట్టమని చెప్పాం.